మసి కడిగిన అక్షరాలు

కేతకీపురంలో పుస్తకాలు తగలబెట్టడం మొదలైన నలభై ఒకటో రోజున తూర్పు వీధిలో ఒక పెళ్లి జరిగింది. పేరిందేవి కొంప ముంచింది ఆ పెళ్లే.

కేతకీపురం అల్లాటప్పా పట్టణం కాదు. మూడు వైపులా నీలధారా నది ఒడ్డాణంలా చుట్టుకుని ఉండేది. నాలుగో వైపు ఏనుగుల్ని వరసగా నిలబెట్టినట్టు నల్లరాతి బురుజులు. ఎండ పడితే కోట శిఖరం మీది పసిడి కలశాలు పది ఆమడల దూరం నుంచి కనిపించేవి. వానాకాలం రాగానే ఏటిగట్టు పొడుగునా మొగలి పొదలు పూసి, ఆ పరిమళం మేడల గవాక్షాల గుండా అంతఃపురం దాకా ఎగబాకేది. ఇప్పుడు ఆ పరిమళం లేదు. కోట గుమ్మం ముందు తాటిచెట్టంత ఎత్తున నీలిమంట ఒకటి పగలూ రాత్రీ మండుతోంది. దానికి కట్టెలు అక్కర్లేదు. పుస్తకాలే దాని మేత. తాటాకు కట్ట ఒకటి అందులో పడగానే, అక్షరాలు కాలేలోగా, లోపలి నుంచి మనిషి మూలిగినట్టు చిన్న శబ్దం వచ్చేది. ఆ శబ్దం విని విని ఊరిజనం మంట దగ్గరగా నడవడం మానేశారు.

ఆ మంట వేసినవాడు కాలజంఘుడనే మాంత్రికుడు. ధర్మసేన మహారాజు నిద్రరోగంతో మంచం పట్టినప్పుడు వాడు వైద్యుడి వేషంలో వచ్చాడు. ఏదో పసరు పోశాడు. రాజు లేచి కూర్చున్నాడు గాని, రెప్ప వేయలేదు, పలకలేదు. సింహాసనం మీద బొమ్మలా కూర్చున్న ఆ రాజు పేరు చెప్పి వాడు రాజ్యం ఏలడం మొదలుపెట్టాడు. రాజుగారి రోగానికి అక్షరదోషమే కారణమనీ, దేశంలో ఉన్న ప్రతి అక్షరమూ కాలి బూడిదైతే గాని ఆయన కోలుకోడనీ దండోరా వేయించాడు. ఆకు దాచిన చెయ్యి మణికట్టు దగ్గర తెగుతుందన్నాడు. వాడి వెంట రాగితో పోసిన వేటకుక్కలు తొమ్మిది ఉండేవి. వాటికి మనిషి పేరు చెబితే చాలు, ఆ మనిషి ఎక్కడున్నా పట్టేవి.

పేరిందేవికి రథం వీధి చివర పుస్తకాల అంగడి ఉండేది. నలభై ఐదేళ్ల మనిషి. భర్త పోయాడు, పిల్లలు లేరు. తండ్రి ఘంటం పట్టి నకళ్లు రాసేవాడు. ఆయన దగ్గర నాలుగు రకాల లిపులు నేర్చుకుంది. తాను చదవని పుస్తకాన్ని అంగట్లో పెట్టేది కాదు. అన్నం తింటూ చదివేది, బేరం మధ్యలో చదివేది. కొనడానికి వచ్చినవాళ్లు ఆమె ఆ ఆకు తిప్పేదాకా అరుగు మీద కూర్చునేవారు. కుమ్మరి వచ్చి నక్షత్రాల పుస్తకం అడిగినా, దేవదాసి వచ్చి యుద్ధనీతి అడిగినా, ఇది నీకెందుకని ఆమె ఎవరినీ అడగలేదు. ఒకసారి రాజపురోహితుడు వచ్చి, పురోహితుల్ని వెక్కిరించే కథల కట్ట అమ్ముతున్నావట, అది అంగట్లో ఉండడానికి వీల్లేదని గద్దించాడు. ముందు మీరు చదవండి, తర్వాత మాట్లాడుకుందామని ఆమె ఆ కట్ట ఆయన చేతిలోనే పెట్టింది. పది రోజులకు ఆయన మళ్లీ వచ్చి, దీనికి రెండో భాగం ఉందా అని మెల్లిగా అడిగాడు.

దండోరా పడిన మర్నాడే భటులు ఆ అంగడిలోని కట్టల్ని మూడు బండ్లకు ఎత్తి తీసుకుపోయారు. పేరిందేవి వెనకాలే మంట దాకా నడిచింది. ప్రతి కట్టా మూలిగినప్పుడు దాని పేరు పైకి చెప్పింది. ఆఖరి పేరు చెప్పేసరికి ఆమె గొంతు పోయింది.

అయితే ఇంటి వెనక ధాన్యం పాతరలో అరవై మూడు పుస్తకాలు మిగిలాయి. వాటిని ఎలా కాపాడాలా అని ఆలోచిస్తే ఆమెకు తండ్రి పని గుర్తొచ్చింది. తాటాకు మీద ఘంటంతో గీసింది సన్నటి గీత మాత్రమే. దానిమీద నూనె కలిపిన మసి పూసి తుడిస్తేనే అక్షరం నల్లగా తేలుతుంది. మసి కడిగేస్తే ఆకు వట్టి ఆకే. ఆమె కుంకుడు రసంలో రోజుకు కొన్ని కట్టలు నానబెట్టి కడిగింది. ఆ ఆకుల్ని వెదురు పేడుల్లా ఒకదానిలో ఒకటి అల్లించి విసనకర్రలు చేయించింది.

అల్లింది హంసకేతుడు. అతను యువరాజు. వేటకు వెళ్లి ఏట్లో మునిగి చచ్చాడని కాలజంఘుడు ఊరంతా చాటించాడు గాని, వాడి మనుషులు పొడిచి నీళ్లలో తోసిన ఆ యువరాజు బతికి గట్టెక్కాడు. మేదరి వేషం వేసుకుని, గడ్డం పెంచి, లింగన్న అని పేరు పెట్టుకుని పేరిందేవి ఇంటి వెనక పాకలో ఉంటున్నాడు. ఆ సంగతి ఊళ్లో ఆమెకు ఒక్కదానికే తెలుసు. తండ్రిని విడిపించే ఉపాయం అతనికి ఒక్కటీ తోచలేదు. కోటలోకి వెళ్లినవాళ్లు తిరిగి రావడం లేదు. చేతులు ఊరికే ఉంటే పిచ్చెక్కుతుందని అతను బుట్టలు, విసనకర్రలు అల్లుతూ కూర్చున్నాడు.

పేరిందేవి వాటిని నెత్తిన పెట్టుకుని వీధుల్లో అమ్మింది. నమ్మకమైన గుమ్మం దగ్గర ఆగి, కాస్త మసి రాసి చూడమ్మా, చూశాక కడిగెయ్యి అని చెవిలో చెప్పేది. ఎండాకాలం మధ్యాహ్నాల్లో తలుపులు వేసుకుని ఆడవాళ్లు విసనకర్రలు చదివారు. చదివింది పక్కింటికి మార్చుకున్నారు. దానివల్ల ఏదో మారుతుందని పేరిందేవి అనుకోలేదు. తను ఒక పుస్తకాన్ని విసనకర్రలుగా మార్చే లోపల మూడు వందలు మంటలో పడుతున్నాయని ఆమెకు తెలుసు. ఏడాది తిరిగేసరికి ఇవీ పోతాయని యువరాజుతో అంది కూడా. అయినా తెల్లారేసరికి మళ్లీ కుంకుడుకాయలు కొట్టుకునేది.

ఇక పెళ్లి సంగతి. పెళ్లికూతుర్ని ముస్తాబు చేస్తూ ఆమె నేస్తం చెంగలి అనే పిల్ల కాటుక దిద్దింది. వేలికి మిగిలిన కాటుకను చేతికందిన విసనకర్రకు తుడిచింది. కాటుకంటే నూనె కలిపిన మసే కదా. తెల్లటి పేడు మీద ఒక వరస అక్షరాలు నల్లగా మేల్కొన్నాయి. చెంగలికి ఆ మధ్యే చదువు వచ్చింది. కొత్తగా చదువు వచ్చినవాళ్లు కంటబడిన అక్షరాన్ని వదలలేరు. పందిరి నిండా జనం ఉన్న సంగతి మరిచిపోయి, నీళ్లబిందె మీద వాలిన చిలక పాట ఒకటి కూడబలుక్కుంటూ పైకి చదివేసింది.

 మగపెళ్లివారి వరసలో దళవాయి ఉగ్గన కూర్చుని ఉన్నాడు. పుస్తకాలు పట్టే పని చూసేది అతనే.  విస్తరిలో ఉన్నది శుభ్రంగా తిన్నాడు. చెయ్యి కడుక్కున్నాడు. తాంబూలం అందుకుని, బయటికి వెళ్లి కుక్కల్ని రప్పించాడు.

రాగికుక్కలు వీధిలోకి వస్తుంటే వాటి గోళ్లు రాతిమీద కత్తులు నూరినట్టు మోగాయి. జనం పరుగులు పెట్టారు. పందిరి రాటలు విరిగాయి. పన్నీరు బుడ్లు, పూలదండలు, పసుపు బియ్యం కాళ్లకింద నలిగాయి. ఉగ్గన చెంగలి చెయ్యి పట్టుకుని సన్నికల్లు మీద పెట్టించి, ఈ విసనకర్ర ఎక్కడిదని అడిగాడు. పిల్ల నోరు విప్పలేదు. భటుడు కత్తి ఎత్తాడు.

పేరిందేవి అప్పుడు వీధి మలుపులో ఉంది. పక్కనే హంసకేతుడు ఇంకో గంప మోస్తున్నాడు. ఆమె వెనక్కి తిరిగి చూడకుండానే, పాతరలో మిగిలిన కట్టలు మూటకట్టి ఏటికి పొమ్మని అతనికి చెప్పింది. అతను కదలకపోతే, నీ కత్తి ఇప్పుడు ఎవరినీ కాపాడదు నాయనా, కట్టలనైనా కాపాడు అంది. తర్వాత గంప కింద దింపి, జనాన్ని తోసుకుంటూ సన్నికల్లు దాకా నడిచి వెళ్లింది.

"ఆ ఆకు నాది," అంది ఉగ్గనతో. "ఊళ్లో విసనకర్రలన్నీ నావే. ఆ పిల్లకు దాని సంగతి తెలియదు, వదిలెయ్."

చెంగలిని వదిలేశారు. పేరిందేవి చేతులు వెనక్కి విరిచి కట్టారు. ఊళ్లోని విసనకర్రలన్నీ సాయంత్రానికల్లా మంటలో పడాలని ఉగ్గన కేక వేశాడు. వాటిని అల్లింది మేదరి లింగన్నని జనంలో ఎవరో గొణిగితే, ఆ పేరు చెప్పి నాలుగు కుక్కల్ని ఆమె ఇంటి మీదికి ఉసిగొల్పాడు. అవి వెళ్లేసరికి యువరాజు కట్టల మూటను వీపుకు బిగించుకుని పాక కప్పు ఎక్కాడు. కప్పు మీంచి పక్కింటి డాబా, డాబా మీంచి గానుగ చూరు, అక్కణ్ణించి కోటగోడ. వెనక పెంకులు పిండి అవుతున్నాయి. ఒక కుక్క అతని మడమ పట్టింది. చెప్పు దాని నోట్లో వదిలేసి అతను గోడమీంచి నీలధారలోకి దూకాడు. కుక్కలకు చెప్పింది లింగన్న పేరు. అది అతని అసలు పేరు కాకపోవడంవల్ల నీళ్ల దగ్గర అవి వాసన తప్పి, గట్టు మీద గుండ్రంగా తిరగసాగాయి.

పేరిందేవిని మహాసభకు తీసుకుపోయారు. పచ్చరాతి స్తంభాల నడుమ, ముత్యాల మేల్కట్టు కింద, రత్నసింహాసనం మీద ధర్మసేన మహారాజు రెప్ప వేయకుండా కూర్చుని ఉన్నాడు. ఆయన కంటిమీద ఈగ ఒకటి వాలి నడుస్తోంది. ఆయన ప్రక్కన కాలజంఘుడు నిలబడి ఉన్నాడు. పేరుకు తగ్గట్టే వాడి పిక్కలు కొంగకాళ్లలా పొడుగ్గా ఉన్నాయి. మెడలో ఎముకల హారం, రాగితీగల వంటి జడలు. వాడు భటుల్ని బయటికి పంపేసి, ఆమె కట్లు తానే విప్పి, మాట్లాడకుండా వెంట రమ్మని సైగ చేశాడు.

సింహాసనం వెనక నేలమాళిగకు మెట్లున్నాయి. నూటొక్క మెట్లు దిగాక ఇత్తడి తలుపు తెరుచుకుంది. లోపల ఏడు మందిరాలు, ఒకదాని వెనక ఒకటి. ప్రతి మందిరంలోనూ నేల నుంచి కప్పు దాకా గంధపు చెక్క అరలు. అరల నిండా పట్టువస్త్రాల్లో చుట్టిన పుస్తకాలు. రాజవంశం మూడు వందల ఏళ్లుగా కూడబెట్టిన భాండాగారం అది. ఇది ఎప్పుడో కాలిపోయిందని ఊరంతా అనుకుంటోంది. పేరిందేవి తాను ఖైదీనన్న సంగతి మరిచిపోయింది. తండ్రి నోట పేర్లు మాత్రమే విన్న పుస్తకాలు అక్కడ ఉన్నాయి. ఒకటి విప్పింది. సముద్రం అడుగున నడిచి వెళ్లిన ఒక నావికుడి కథ అది. నిలబడే చదవడం మొదలుపెట్టింది. కాలజంఘుడు ఆమెను ఆపలేదు. గోడకు చేరగిలబడి, ఆకలిగొన్నవాడు అన్నం తినేవాణ్ణి చూసినట్టు ఆమె కళ్లు వరస వెంట కదలడం చూశాడు.

"నాకు అక్షరం రాదు," అన్నాడు చాలాసేపటికి. "మా గురువు మంత్రాలన్నీ నాకు నోటితో చెప్పాడు. లిపి మాత్రం నేర్పలేదు. నేనంటే భయం ఆయనకు. ఆ భయంతోనే నా ప్రాణం తీసి ఎక్కడో దాచాడు. దాచిన చోటు ఒక ఆకు మీద రాసి ఏదో పుస్తకంలో కలిపాడు. నేను ఆయన పీక నొక్కినప్పుడు కూడా ఏ పుస్తకమో చెప్పలేదు."

ఆయన ఈ భాండాగారంలో ముప్పై ఏళ్లు లేఖకుడిగా పని చేశాడనీ, ఆకు బహుశా ఇక్కడే ఉండి ఉంటుందనీ, అయినా బయటి పుస్తకం ఒక్కటీ మిగలకూడదనీ వాడు వివరించాడు. ఎవడి కంటబడితే వాడు తన ప్రాణాన్ని గుప్పిట పట్టుకుంటాడు. అందుకే దేశమంతా తగలబెడుతున్నాడు. రాజుగారి రోగం కేవలం సాకు. ఆ ఆకు పొట్టిగా, నల్లగా ఉంటుందనీ, నాగముడి లిపిలో ఉంటుందనీ వాడు చెప్పినప్పుడు పేరిందేవి వేళ్లు ఆకు మీద ఆగిపోయాయి.

అలాంటి ఆకును ఆమె చూసింది. పాతరలోని పశువైద్యం కట్ట చివర, దారానికి ఎక్కించి ఉంది. నాగముడి లిపి తండ్రి నేర్పాడు గాని చదవడానికి నిదానం కావాలి. ఏ కట్టలోంచో ఊడి కలిసిపోయిన ఆకు అనుకుని తర్వాత చూద్దామని పక్కన పెట్టింది. జీవితంలో చదవడం వాయిదా వేసిన ఆకు అదొక్కటే. ఆ కట్ట ఇప్పుడు యువరాజు వీపు మీద ఉంది. ఆమె తల ఎత్తకుండా నావికుడి కథ వైపే చూస్తూ, ముఖంలో ఏమీ కనపడనివ్వలేదు.

కాలజంఘుడు తన మాట చెప్పాడు. ఆమె ఇక్కడే ఉండిపోవచ్చు. దీపాలకు నెయ్యి, వేళకు భోజనం, పడుకోవడానికి పట్టుపరుపు. ఈ ఏడు మందిరాలూ ఆమెవే. బతికినన్నాళ్లూ చదువుకోవచ్చు. ఆ ఆకు దొరికిన రోజున వాడికి చదివి వినిపిస్తే చాలు. ఆ తర్వాత కూడా పుస్తకాలు ఆమెవే.

"మరి బయటివాళ్లకు?" అని అడిగింది పేరిందేవి.

"బయట చదివేవాళ్లు ఉండరు."

ఒప్పుకుందామనే అనిపించింది ఆమెకు. అబద్ధమెందుకు, గుండె అటే లాగింది. ఊళ్లో పుస్తకాలు ఎలాగూ కాలిపోతాయి. తను కాదన్నా ఆగేది లేదు. ఇక్కడ ఈ నావికుడి కథ మిగతాది ఉంది, దాని పక్కన మరొకటి ఉంది. ఆమె ఆకు మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడింది. తర్వాత ఈ కథ పూర్తయ్యాక ఎవరితో చెప్పాలా అని ఆలోచిస్తే ఎవరూ తోచలేదు. ఏడు మందిరాలు ఉన్నాయి, మనిషి లేడు.

"అయ్యా, నేను పుస్తకాలు అమ్ముకు బతికినదాన్ని," అంది. "ఒక పుస్తకం పూర్తయ్యేసరికి, ఇది ఎవరి చేతిలో పెట్టాలా అని వెతుక్కుంటాను. తీసుకునే చెయ్యే లేదంటే నాకు ఈ చదువు దేనికి? నీ ఆకు నువ్వే వెతుక్కో."

వాడికి కోపం రాలేదు. అదే చూసి భయం వేసింది ఆమెకు. వాడు నడుముకున్న సంచిలోంచి నీలిమంట బూడిద చిటికెడు తీశాడు. ఈ మాటే చెప్పిన పండితులు వంద మందికి పైగా ఉన్నారనీ, అందరూ ఇప్పుడు ఉప్పుదీవిలో ఉప్పు మోస్తున్నారనీ చెప్పి, ఆ బూడిద ఆమె కళ్లలోకి ఊదాడు.

మంట పుట్టలేదు. నొప్పి లేదు. కళ్లు తుడుచుకుని చూస్తే దీపం కనిపించింది, అరలు కనిపించాయి, వాడి జడలు కనిపించాయి. చేతిలో ఆకు కూడా కనిపించింది. దాని మీద గీతలున్నాయి. తడి ఇసుకలో పీత నడిచినట్టు వంకర గీతలు. నావికుడు సముద్రం అడుగున ఒక తలుపు తట్టాడు. తలుపు తెరిచింది ఎవరో ఆ పక్క మాటలో ఉంది. ఆ మాట మీద వేలు పెట్టుకునే ఉంది ఆమె. ఎంతసేపు చూసినా అది మాట కాలేదు.

మర్నాడు పొద్దున ఆమెను ఉప్పుదీవికి పంపారు. నలుగురు భటులు, ఒక పడవ, తెడ్డు వేసే ముసలి పడవవాడు. ఎండ నీళ్ల మీద మెరుస్తోంది. గట్టు మీది మొగలి పొదలు మసిబారి ఉన్నాయి. పేరిందేవి ఎటూ చూడకుండా అరచేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పడవ నడిమధ్యకు వచ్చాక పడవవాడు నడుం నొప్పి అంటూ వంగి, అడుగున బెజ్జానికి బిగించిన గుడ్డముక్క ఊడబీకాడు. నీళ్లు గుప్పున ఎగిశాయి. భటులు లేచి నిలబడటంతో పడవ ఒక్కసారిగా బోర్లాపడింది. ఇనుప కవచాలు వాళ్లను అడుక్కి లాగేశాయి. ముసలివాడి తెల్లగడ్డం ఊడి నీళ్ల మీద తేలింది. ఖైదీల్ని దీవికి ఈ రేవులోంచే దాటిస్తారని తెలిసి రాత్రికి రాత్రే పడవవాడి వేషం వేసుకున్న హంసకేతుడు ఒక చేత్తో ఆమె జుట్టు పట్టుకుని, ఇంకో చేత్తో ఈదుతూ అవతలి ఒడ్డున జమ్ము పొదల్లోకి చేర్చాడు.

ఆ ఒడ్డు పొడుగునా రెండు కోసుల మేర బురదమడుగులు. మనిషెత్తు జమ్ము, దాని వేళ్ల మధ్య ఊబి. పగటిపూట కూడా పచ్చటి చీకటి. పశువైద్యం కట్టతో కలిపి మిగిలిన పదకొండు పుస్తకాలనూ యువరాజు అక్కడే ఒక ఎండు మోడు మీద దాచాడు. పేరిందేవి ఒగరుస్తూ భాండాగారం సంగతి, కాలజంఘుడి ప్రాణం సంగతి చెప్పింది. నాగముడి ఆకు మాట వినగానే అతని ముఖం వెలిగిపోయింది. కట్ట విప్పి, పశువైద్యం చివరి ఆకు దారంలోంచి లాగాడు. పొట్టి ఆకు, నల్లటి ఆకు. మోడుకు అంటి ఎండిన తెల్లబురద నలిపి వేలితో పూశాడు. తెల్లటి గీతలు తేలాయి. ఒకదానిలో ఒకటి దూరి ముడులు పడ్డ పాముల్లాంటి లిపి. అతనికి ఒక్క ముక్క కూడా అర్థం కాలేదు. ఆకు ఆమె ముందు పట్టుకుని, చదువమ్మా అన్నాడు.

ఆమె చూసింది. కళ్లు నులుముకుని మళ్లీ చూసింది. వెలుతురుకు అటూ ఇటూ తిప్పి చూసింది. వాడు కళ్లలో బూడిద ఊదిన సంగతి అప్పుడు చెప్పింది.

హంసకేతుడు ఆమె చేతిలోని ఆకు మెల్లిగా వెనక్కి తీసుకున్నాడు. తండ్రి ప్రాణం, రాజ్యం, ఊరు అన్నీ జానెడు ఆకు మీద ఉన్నాయి, ఆకు చేతిలో ఉంది. ఈ లిపి తెలిసినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా అని అడిగాడు. తనకు తెలిసి తన తండ్రి ఒక్కడే ఉండేవాడనీ, ఆయన పోయి పదిహేనేళ్లయిందనీ ఆమె చెప్పింది. ఉప్పుదీవి పండితుల్లో ఎవరికైనా వచ్చినా వాళ్లకూ ఇదే గతి.

అంతలో నది వైపు అడుగు బురద కదిలి నీళ్లు బుడగలు వేశాయి. ముందు ఒకచోట, తర్వాత మూడుచోట్ల. పడవ మునిగిన వార్త కోటకు చేరింది. ఈసారి కుక్కలకు పేరిందేవి పేరు చెప్పారు. అది నిజమైన పేరు. రాగికుక్కలకు ఈత రాదు. కాని ఊపిరితో పని లేదు గనక అవి ఏటి అడుగున నడిచి వస్తాయి. బుడగలు వరసగా, తొందరేమీ లేనట్టు, ఒడ్డు వైపు కదులుతున్నాయి.

యువరాజు ఆకును తలపాగాలో దోపుకుని లేచాడు. మడుగుకు అవతల కొండదారి ఉంది, చీకటి పడేలోగా అందుకుంటే దేశాలు తిరిగైనా చదివేవాణ్ణి వెతుకుదామన్నాడు. ఆమె కట్టలకు దారం చుట్టడం చూసి ఆగిపోయాడు.

"అవి వదిలెయ్యమ్మా. మనకు కావలసిన ఆకు తీసుకున్నాం. అంత బరువుతో ఊబి దాటలేం."

పేరిందేవి ముడి బిగిస్తూనే ఉంది. పశువైద్యం, పిల్లల జోలపాటలు, తేనెటీగల పెంపకం, ఎవరో పేరు లేని ఆడమనిషి అత్తింటి నుంచి రాసుకున్న జాబులు. ఏ కట్ట ఏదో పేరు చూసి చెప్పలేదిప్పుడు. చెక్కపట్టెల అంచులు తడిమి, బరువు చూసి గుర్తుపడుతోంది. రెండిటి దగ్గర అనుమానం వచ్చింది. అవి కూడా కట్టేసింది.

"నువ్విక వాటిని చదవలేవు కదమ్మా," అన్నాడు హంసకేతుడు. అన్నాక ఎందుకన్నానా అనిపించి తల దించుకున్నాడు.

"నేను చదువుకోడానికా మోస్తున్నది?" అంది ఆమె.

కట్టల మూటను నెత్తికెత్తుకుని, రెండు చేతులతో పట్టుకుని, ఆమె ముందుగా ఊబిలోకి దిగింది. బురద మోకాళ్లకు వచ్చింది, తర్వాత నడుముకు వచ్చింది. యువరాజు కర్రతో దారి పొడుస్తూ పక్కన నడిచాడు. వెనక జమ్ము విరిగిన చప్పుడైంది. మొదటి కుక్క ఒడ్డెక్కి ఒళ్లు విదిలించుకుంది. వాళ్లు వెనక్కి చూడలేదు. నూరు అడుగులు వెళ్లారు. నీళ్లు ఆమె గడ్డాన్ని తాకాయి. మూట మాత్రం తడవలేదు. అవతలి గట్టు, దాని మీది కొండదారి జమ్ము సందుల్లోంచి కనిపించాయి.

గట్టు మీద, పై రేవులో ఏరు దాటి చుట్టుదారిన వచ్చిన ఉగ్గన గుర్రం దిగి, కళ్లాన్ని ఒక భటుడి చేతికిచ్చి, వాళ్లు దగ్గరకు వచ్చేదాకా ఆగుదామన్నట్టు రాతి మీద కూర్చున్నాడు.